ఎత్తుకున్నవాళ్ల పోలిక

సిరిసిల్ల నేతకారుల వాడలో పొద్దున ఆరింటికి డ్యూటీ మారుతుంది. తెల్లవార్లూ మరమగ్గాలు నడిపినవాళ్లు కళ్లు నులుముకుంటూ ఇళ్లకు వస్తారు, ఇళ్లలోవాళ్లు టీ తాగీ తాగక షెడ్లకు ఉరుకుతారు. ఆ మగ్గాలను అక్కడ సాంచెలంటారు. సాంచెల చప్పుడుకు అలవాటుపడ్డ పసిపిల్లలు ఆ చప్పుడు ఉన్నంతసేపు హాయిగా నిద్రపోయి, కరెంటు పోయి చప్పుడు ఆగగానే ఉలిక్కిపడి లేస్తారు. అందుకని కరెంటు పోయినప్పుడల్లా వాడంతా ఇంటింటా ఏడుపులే. సత్యవ్వ ఇంట్లో మాత్రం పెళ్లయిన పన్నెండేళ్లకు కూడా కరెంటు పోతే ఏడ్చేవాళ్లు లేరు.

ఆమె మొగుడు రాజమల్లు నాలుగు సాంచెలు నడుపుతాడు. ఆమె ఇంట్లోనే రాట్నం ముందు కూర్చుని వాటికి కావలసిన నూలు కండెలు చుడుతుంది. మూడు కాన్పులైతే మూడూ దక్కలేదు. మూడోది తొమ్మిది రోజులు బతికి, పేరన్నా పెట్టకముందే పోయింది. ఇంకో పెళ్లి చేసుకోమని అత్త ముత్తవ్వ ఒకే ఒకసారి కొడుకుతో అంది. ఆ పూట రాజమల్లు కంచం ముందునుంచి లేచి డ్యూటీకి పోయాడు. ఆ తర్వాత ముసలామె ఆ ఊసెత్తలేదు. ఎత్తలేదు గానీ, పక్కింట్లో ఎవరికన్నా తొట్టెల వేస్తున్నారంటే తనొక్కతే పోయి తినొచ్చి, వాళ్లు పెట్టిన కూరలో ఉప్పు ఎక్కువైందని కోడలికి చెప్పేది. ఓదార్చడం ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

అన్నలు అడవిలోంచి ఊళ్లలోకి, పోలీసులు ఊళ్లలోంచి అడవిలోకి తిరుగుతున్న రోజులవి. జగిత్యాల దిక్కు నుంచి బస్సులో రావాలంటే దారిలో రెండు చోట్ల దిగి వరసగా నిలబడి, సంచి విప్పి చూపించాలి. ఒక్క ఖైరున్నీసా గంపను మాత్రం ఎవరూ ముట్టేవాళ్లు కాదు. కోరుట్లలో ఆమె గాజులు అమ్ముతుంది, పుట్టిల్లు సిరిసిల్ల. గాజులు పగులుతాయని కాదు, ఆమె నోట్లో పడడం ఇష్టంలేక పోలీసులే పక్కకు జరిగేవాళ్లు.

ఎనభై ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె నెత్తిన గంపతో, చంకన ఆరేడు నెలల పిల్లతో సత్యవ్వ గడపలో నిలబడింది.

"ఎవలి బిడ్డ గాజులవ్వా? ముక్కు అచ్చం నీదే," అంది సత్యవ్వ రాట్నం ఆపి.

"నాది కాదు. బీర్పూర్ అవతలి నుంచి తెచ్చిన. ఎవలెత్తుకుంటె గాళ్ల పోలికే అస్తది గీ పిల్లకు."

"అట్లనా," అంది సత్యవ్వ. "డబ్బ పాలు తాగుతదా?"

"తాగుతది. ముందుగాల ఎత్తుకో."

సత్యవ్వది వెడల్పు ముఖం, చెవులు కాస్త ముందుకు. పెళ్లిచూపుల నాటి నుంచీ ఆ చెవులంటే ఆమెకు సిగ్గు. పిల్ల ఆమె చేతుల్లోకి రాగానే ఖైరున్నీసా ముక్కు మెల్లగా కరిగిపోయింది, ముఖం వెడల్పయింది, చెవులు రెండూ ముందుకు వచ్చాయి. ఇంత అందమైన చెవులు లోకంలో ఉంటాయని సత్యవ్వకు ఆ రోజే తెలిసింది. ఆమెకు ఏడుపొచ్చింది, పిల్ల భయపడుతుందని మింగింది.

"కన్నతల్లి?" అని అడిగింది కాసేపటికి.

"అడివిల ఉన్నది. గక్కడ పసిపిల్ల ఒక్కసారి ఏడిస్తె పదిమంది పానం పోతది. సాదుకునే ఇల్లు సూడమని నా చేతుల పెట్టింది. పేరు అడుగకు బిడ్డా, నాకు యాదికి లేదు."

యాదికి లేకపోవడం ఎంతటి అబద్ధమో ఇద్దరికీ తెలుసు. ఎన్ని ఊళ్లలో ఎవరి చేతికి ఏ సైజు గాజు పడుతుందో ఖైరున్నీసా నిద్రలో కూడా చెప్పగలదు.

లోపలి నుంచి ముత్తవ్వ వచ్చి ఇదంతా విని, పిల్లను కింది నుంచి పైదాకా చూసింది. "ఉత్తగ తీస్కోవద్దు," అంది. "రేపు కన్నది అచ్చి నా బిడ్డను ఇయ్యి అంటె ఏం జెప్తవ్? తవుడు పోసి కొనాలె." పిల్లలు దక్కని ఇంట పుట్టినవాళ్లని, బయటి నుంచి తెచ్చుకున్న పిల్లల్ని చాటలో పడుకోబెట్టి, తవుడిచ్చి కొనుక్కోవడం ఆ దిక్కు వాడుక. ముసలామె వడ్ల గిర్ని నుంచి తెప్పించిన తవుడు దోసిట్లో పట్టుకుని, చాట నేల మీద పెట్టి, "దించు," అంది.

సత్యవ్వ పిల్లను చాటలో పడుకోబెట్టింది. చేతులు వదిలిన మరుక్షణం ఆమె పోలిక పోయింది. కోలముఖం తేలింది. రెండు కనుబొమలు మధ్యలో కలిశాయి. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట. ఆ ముఖం ఆ ఇంట్లో ఎవరిదీ కాదు, ఆ వాడలోనే ఎవరిదీ కాదు. ముత్తవ్వ తవుడు ఖైరున్నీసా కొంగులో పోసి, "కొనుడైంది, సరోజన అని పిలుసుకుందాం," అంటుండగానే, ఆ మాట పూర్తికాకముందే సత్యవ్వ పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుంది.

అప్పుడు ఎత్తుకున్న పిల్లను ఆమె మళ్లీ దించలేదు.

నిజంగానే దించలేదు. స్నానం కాళ్లు చాపుకుని కాళ్ల మీదే పోసేది. నిద్ర తన రొమ్ము మీదే. కండెలు చుట్టేటప్పుడు పాతచీరతో చంకకు కట్టుకుని ఒక చేత్తో రాట్నం, ఒక చేత్తో నూలు. ఆమె వంటకో బయటికో పోవాల్సి వస్తే రాజమల్లు ఎత్తుకునేవాడు. అతని చేతుల్లో పిల్లకు అతని బండ ముక్కు, అతని గుంట కళ్లు వచ్చేవి, మీసం ఒక్కటే తక్కువ. షెడ్డులో తోటివాళ్లు "నీ బిడ్డను సాంచె మీద నిలబెట్టి నువ్వు ఇంటికి పో, ఆసామికి ఎరుకగాదు," అని ఎగతాళి చేసేవాళ్లు. అతను ఆ ఎగతాళి కోసమే పిల్లను రోజూ షెడ్డు దాకా తీసుకుపోయేవాడు.

ముత్తవ్వ మాత్రం ఆరు నెలలు ముట్టలేదు. "నా ముఖం నాకే సరిపోతలేదు, దానికేడ ఇయ్యాలె," అనేది. ఒకసారి సత్యవ్వకు చలిజ్వరం వచ్చి, రాజమల్లు డ్యూటీలో ఉండి, ఇక తప్పక ఎత్తుకుంది. పిల్లకు ముడతలు రాలేదు గానీ, పైపెదవి బిగబట్టి ఎదుటి మనిషిని తూకం వేసే ఆ చూపు మాత్రం అచ్చంగా వచ్చింది. ముసలామె పిల్లను వాడంతా తిప్పింది. "సూడుండ్రి, చిన్నప్పుడు నేను గిట్లుంటినట. మా ఇంట్ల అద్దం లేకుండె, నాకేం తెలుసు," అని ప్రతి గడపలోనూ చెప్పింది. జ్వరం తగ్గాక సత్యవ్వ పిల్లను అడిగి తీసుకోవలసి వచ్చింది.

ఏడాదిన్నర నిండింది. రెండేళ్లు దాటాయి. సరోజన మాటలు ముందే నేర్చింది, అక్కడ తల్లిని పిలిచే తీరున సత్యవ్వను "అవ్వా" అని పిలిచేది, సాంచెల చప్పుడును నోటితో చేసి చూపించేది. నడక మాత్రం రాలేదు. పిల్లలు పడి లేచి నడక నేరుస్తారు, పడడానికి నేల మీద ఉండాలి కదా. పిల్ల అరికాళ్లు ఇంకా పురిటి పిల్ల అరికాళ్లలా మెత్తగా ఉండేవి.

"దించు సత్యవ్వా. నడుసుకుంట తిరుగుతది," అనేవాడు రాజమల్లు.

"రేపు దించుత."

"నిన్న గిదే చెప్పితివి."

ఆమె భయం ఇరుగుపొరుగు గురించి కాదు. వాళ్లకు అన్నీ తెలుసు, తెలిసీ "అచ్చం నీ తీరే" అనేవాళ్లు. ఆమె భయమల్లా తన గురించే. ఆ కోలముఖం మళ్లీ కళ్లపడితే, ఈ పిల్ల నాది కాదని తన కడుపుకు తెలిసిపోతుందని, ఇంత ప్రేమా ఒక్కసారిగా ఇంకిపోతుందని ఆమె భయం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెబితే నిజమవుతుందని.

చివరికి ముత్తవ్వ ఊరుకోలేదు. కాళ్లలో ఏదో లోపముందని తేల్చి కోడల్ని, పిల్లను వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది. డాక్టరు పిల్లను బల్ల మీద పడుకోబెట్టాడు. సత్యవ్వ ముఖం తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చూసింది. డాక్టరు మోకాళ్లు వంచి, పాదాలు నొక్కి, "కాళ్లకేం లేదు. చంక నుంచి దించండి, అదే మందు," అన్నాడు. చీటీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన లోపలికి తొంగిచూసి, "గీ పోరిని యాడనో సూసిన. బస్టాండ్ల అంటించిండ్రు సూడు ఫొటోలు, అందుల ఒకామె గిట్లనే ఉంటది," అన్నాడు. ఆయనకు దురుద్దేశమేమీ లేదు, తోచింది అన్నాడు. అక్కడ పదిమంది విన్నారు.

ఇంటికి పోతూ సత్యవ్వ బస్టాండు మీదుగా నడిచింది. పోలీసులకు కావలసినవాళ్ల ఫొటోలు గోడ మీద ఎనిమిదున్నాయి. నాలుగోది నీల. ఊరు బీర్పూర్ అని రాసి ఉంది. కలిసిన కనుబొమలు, ఎడమ బుగ్గ మీద సొట్ట. ఏ పెళ్లిలోనో అందరితో కలిసి దిగిన ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, పక్కన ఇంకెవరిదో భుజం సగం మిగిలింది. ఆ పిల్ల నవ్వుతోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. సత్యవ్వకు ముందు కడుపుమంట పుట్టింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత అడవిలో ఆ పిల్ల పొద్దున ఏమన్నా తిన్నదో లేదో అనిపించింది. చంకలో సరోజన, సత్యవ్వ ముఖంతో, గోడ మీది ఫొటోల్ని చూస్తూ వేలు చీకుతోంది.

నాలుగోనాడు పొద్దెక్కాక ఇంటి ముందు జీపు ఆగింది.

ఎస్సై కొత్తవాడు, రాజమండ్రి నుంచి వచ్చాడు. వెంట కానిస్టేబులు దుర్గయ్య, ఆ ఊరివాడే. వాడలో ఎవరో రాజమల్లు కోసం షెడ్డుకు పరుగెత్తారు. ఎస్సై చేతిలో గోడ మీద చూసిన ఆ నాలుగో ఫొటోయే ఉంది.

"ఈ పిల్ల నీకు పుట్టిందేనా అమ్మా?" అన్నాడు లోపలికి వచ్చి, రాట్నం దగ్గర నిలబడి.

"నా బిడ్డనే సారూ."

ఎస్సై పిల్లను చూశాడు, సత్యవ్వను చూశాడు. అవే చెవులు, అదే వెడల్పు ముఖం. ఆయన ఫొటో జేబులో పెట్టుకోబోయాడు.

"ఎత్తుకున్నంతసేపు గట్లనే ఉంటది సార్," అన్నాడు దుర్గయ్య, ఏ బస్సు ఎన్నింటికో చెప్పినట్టుగా. "కింద దించితె అసలు ముఖం అస్తది."

"అలాగా. అయితే దించమ్మా."

ముత్తవ్వ ముందుకొచ్చింది. "తవుడు పోసి కొన్నం సారూ. చాటల పెట్టి, అందరి ముంగట కొన్నం. వాడ మొత్తం సాచ్చెం. కొన్నదాన్ని మల్ల ఎవలడుగుతరు?"

"నేను అడగను పెద్దమ్మా, గవర్నమెంటు అడుగుతుంది. పిల్ల మా దగ్గరుంటే తల్లి దానంతటదే వస్తుంది. పిల్లని కొట్టం, తిట్టం. కరీంనగర్‌లో హోముంది, అక్కడ ఉంచుతాం." ఆయన గొంతులో కరుకు లేదు. పొద్దున్నుంచి ఇది మూడో ఇల్లు, అలసిపోయి ఉన్నాడు. "దించమ్మా. నేను లాక్కోవడం బాగోదు."

సత్యవ్వ దించాలనుకుంది, చేతులు వినలేదు. మళ్లీ ప్రయత్నించింది. వంగి, పిల్ల పాదాలు నేలకు ఆనించి, చంకల కింది నుంచి చేతులు తీసింది. పిల్ల ఆమెకు ఎదురుగా, ఎస్సైకి వీపు పెట్టి నిలబడింది. రెండున్నరేళ్లలో మొదటిసారి.

ముఖం మారింది. సత్యవ్వ ఈసారి ముఖం తిప్పుకోలేదు. కోలముఖం, కలిసిన కనుబొమలు, సొట్ట. గోడ మీద నవ్విన ముఖమే, ఇప్పుడు కింది పెదవి వణుకుతోంది. తన కడుపు ఏమంటుందోనని సత్యవ్వ ఊపిరి బిగబట్టింది. కడుపు ఏమీ అనలేదు. ఆ ముఖం "అవ్వా" అంది, రోజూ పిలిచే గొంతుతోనే. సత్యవ్వకు తెలిసిపోయింది, ఆ ప్రేమ ఎక్కడికీ ఇంకిపోదని. ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి భయపడ్డానని, ఆ భయంతో బిడ్డను కుంటిదాన్ని చేశానని గుండె పగిలింది. ఇంత ఆలస్యంగా తెలిసిందేమిరా దేవుడా అనుకుంది.

"ఇటు తిప్పు," అన్నాడు ఎస్సై. ఎత్తు సరిపోక గొంతుక్కూర్చుని, ఫొటో ముందుకు పట్టుకున్నాడు.

ఆ గొంతు విని పిల్ల తనంతట తానే తిరిగింది. తిరిగే ఊపులో ఒక అడుగు పడింది. అడుగు వేయడం అంటే ఏమిటో తెలియని కాళ్లు ఇంకో అడుగు వేశాయి. మూడోదానికి మోకాళ్లు మడత పడి, పిల్ల ముందుకు తూలింది.

పిల్ల పడుతుంటే ఎవరి చేతులైనా లేస్తాయి. ఎస్సై చేతులూ లేచాయి. ఫొటో కింద పడింది. పిల్ల ఆయన ఛాతీ మీద పడి, ఖాకీ చొక్కాలో ముఖం దాచుకుంది. పడబోయే ముందు ఆ ముఖాన్ని ఆయన ఒక్క క్షణం చూశాడో లేదో ఆయనకే తెలియాలి.

పిల్ల తల ఎత్తేసరికి ఆయన పోలిక వచ్చేసింది. పొడుగు ముక్కు, చీలిన గడ్డం, ఎడమ కన్ను రెప్ప కాస్త వాలి. రాజమండ్రిలో ఆయనకు ఏడాది కూతురుంది. పురిటికి పోయిన భార్య, ఇక్కడి పరిస్థితులు బాగా లేవని అక్కడే ఉండిపోయింది. కూతుర్ని రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ అత్తగారు, పిల్లంతా మా వైపే, మీది ఒక్క గోరు కూడా రాలేదు అని మురిసిపోయింది. తన ముఖం ఇంకొకరి మీద ఆయన చూడడం ఇదే మొదలు. సరోజన ఆయన ఈలకు కట్టిన తాడు పట్టుకుని లాగింది, తర్వాత వాలిన ఆ రెప్పను వేలితో ముట్టింది.

దుర్గయ్య కాసేపు ఇంటి పెంకుల్ని లెక్కపెట్టాడు. "సార్, మల్ల ఒకపారి దించి సూద్దామా?"

ఎస్సై లేచి నిలబడి, పిల్లను దించడానికి వంగాడు. పాదాలకు, నేలకు మధ్య బెత్తెడు దూరం ఉంది. సత్యవ్వ చేతులు జోడించలేదు, ఏడవలేదు, ఆ బెత్తెడు దూరాన్నే చూస్తోంది. ముత్తవ్వ పైపెదవి బిగబట్టింది. ఆయన అలాగే వంగి కాసేపు ఉన్నాడు. పాదాలు నేలకు తగిలితే తను ఏం చూడాల్సి వస్తుందో ఆయనకు తెలుసు. చూశాక ఏం రాయాలో కూడా తెలుసు.

నడుం నిటారుగా చేసి, రెండడుగులు నడిచి, పిల్లను నేలకు తాకనీయకుండా సత్యవ్వ చేతుల్లోకి ఇచ్చాడు. ఆయన ముక్కు పోయి, ఆమె చెవులు వచ్చాయి.

"రాసుకో," అన్నాడు దుర్గయ్యతో. "తల్లి పోలికే ఉంది."

"ఏ తల్లి పోలిక అని రాయాలె సార్?"

"ఉన్నదున్నట్టు రాయవయ్యా. తల్లి పోలిక. అంతే." ఆయన గడప దాటుతూ వెనక్కి చూడకుండా, "రాజమండ్రికి బస్సు ఎక్కడ మారాలోయ్?" అని అడగడం వాడలో అందరికీ వినిపించింది. జీపు పోయిన కాసేపటికి రాజమల్లు ఒళ్లంతా నూలు దుమ్ముతో పరుగెత్తుకొచ్చి, గడపలోనే కూలబడ్డాడు.

ఫొటో రాట్నం పక్కనే పడి ఉంది. సార్ మరిచిపోయాడని ముత్తవ్వ తీసి ఇవ్వబోతే సత్యవ్వ వద్దంది. తానే తీసి కొంగుతో తుడిచింది. తర్వాత, ఎవరూ అడగకుండా, పిల్లను నేల మీద నిలబెట్టి రాట్నం కొయ్య పట్టించింది. కోలముఖం తేలింది. సత్యవ్వ ఎదురుగా చతికిలబడి ఆ ముఖాన్ని తీరిగ్గా, నుదుటి నుంచి గడ్డం దాకా చూసింది.

"గిదా నీ ముఖం," అంది. "మంచిగున్నది బిడ్డా." ఫొటో పిల్ల కళ్ల ముందు పెట్టింది. "గీమె సూడు. నిన్ను కన్న అమ్మ. పేరు నీల. నువ్వు అచ్చం గీమె తీరే."

"అమ్మ," అంది సరోజన ఫొటో మీద వేలుపెట్టి. తర్వాత సత్యవ్వను చూసి, "అవ్వా, ఎత్తుకో," అంది.

"నువ్వే రా. నడువు."

పిల్ల కొయ్య వదిలింది. ఒక అడుగు, ఇంకొకటి, మోకాలు మడత పడింది, చేతులు నేలకానించి లేచింది, మళ్లీ ఒకటి. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. రెండు చేతులూ చాపి పిలుస్తూ, పిల్ల దగ్గరికొచ్చిన కొద్దీ సత్యవ్వ కూర్చున్నచోటి నుంచే జానెడు జానెడు వెనక్కి జరిగింది.